ఏ జబ్బుకు పరీక్షించారో బోర్డు మీద రాయాలి

సంపాదకులకు నమస్కారం.

విజయవాడ ఆటోనగర్‌లో 31 ఏళ్లుగా మోటార్ వైండింగ్ షాపు నడుపుతున్నాను. పొలాల్లో కాలిపోయిన సబ్‌మెర్సిబుల్ మోటార్లు, ఇళ్లలో పాడైన మిక్సీలు, వెల్డింగ్ ట్రాన్స్‌ఫార్మర్లు నా దగ్గరికి వస్తాయి. రాగితీగను చుట్టలుగా చుట్టి అందులో కరెంటు పంపితే ఏమవుతుందో వేళ్లు కాల్చుకుని నేర్చుకున్నవాడిని. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, నేను రాయబోయేది కూడా ఒక కాయిల్ గురించే. కాకపోతే దీన్ని మనిషి తల మీద పెడతారు.

పోయిన నెల మీ పత్రిక జిల్లా పేజీల్లో టీఎంఎస్ అనే అయస్కాంత చికిత్స ప్రకటన ఒకటి వచ్చింది. "మందులు లేవు, కోత లేదు, నొప్పి లేదు" అని పెద్ద అక్షరాలు. దాని కింద జబ్బుల వరస: డిప్రెషన్, ఓసీడీ (వద్దనుకున్నా అవే ఆలోచనలు, అవే పనులు మళ్లీ మళ్లీ వచ్చే జబ్బు), ఆటిజం, పిల్లల్లో ఏకాగ్రత లోపం, మతిమరుపు, చెవిలో మోత, తాగుడు, సెల్‌ఫోన్ వ్యసనం, పరీక్షల భయం. పెళ్లి పంక్తిలో విస్తళ్లు వేసినట్టు అన్నీ ఒకే వరసలో, ఒకే సైజు అక్షరాల్లో ఉన్నాయి. నా గొడవంతా ఆ ఒకే వరస మీద.

ముందు మంచి మాట చెప్పాలి. ఈ యంత్రం మా ఇంట్లో ఒక మనిషిని లేపి నిలబెట్టింది.

మూడేళ్ల కిందట మా అత్తగారు పోయాక మా ఇంటావిడ మంచం పట్టింది. జ్వరం లేదు, నొప్పి లేదు. తెల్లవారుజామున మూడింటికి లేచి వంటింటి గుమ్మంలో చీకట్లో కూర్చునేది. తల దువ్వుకోవడం మానేసింది. పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడగడం మానేసింది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆ ప్రశ్న వినకుండా నేను అన్నం తిన్న రోజు లేదు. సూర్యారావుపేటలో ఒక మానసిక వైద్యుడికి చూపించాము. ఆయన ఒక మందు ఇచ్చి రెండు నెలలు చూశారు, అది మార్చి ఇంకొకటి ఇచ్చారు. రెండూ పట్టలేదు. అప్పుడు టీఎంఎస్ అన్నారు. ట్రాన్స్‌క్రేనియల్ మాగ్నెటిక్ స్టిమ్యులేషన్ అని కాగితం మీద రాసి, "తల బయటినుంచి అయస్కాంతంతో మెదడును తట్టడం" అని అర్థం చెప్పారు.

మా వియ్యపురాలు ఆ మాట వినగానే "కరెంటు పెడతారట వదినా, వద్దు" అని ఏడుపు అందుకుంది. ఆవిడ అనుకున్నది షాక్ ట్రీట్‌మెంట్. అందులో మత్తు ఇచ్చి మెదడులో కావాలనే ఫిట్స్ తెప్పిస్తారు. దానితో బాగుపడినవాళ్లూ ఎందరో ఉన్నారు, దాన్ని తక్కువ చేయడం లేదు. టీఎంఎస్ వేరే సంగతి. మత్తు ఉండదు, మనిషి మెలకువగా కుర్చీలో కూర్చుంటుంది, అయిపోయాక నడిచి ఇంటికి వస్తుంది. ఇందులో ఫిట్స్ రాకుండా చూసుకోవాలి.

మొదటి రోజు నన్నూ లోపలికి రానిచ్చారు. కాయిల్ చూడగానే నాకు సగం అర్థమైంది. ఎనిమిది అంకె ఆకారం. రెండు గుండ్రటి చుట్టలు పక్కపక్కన ఉన్నాయి. ఒకదానిలో కరెంటు కుడికి తిరిగితే రెండోదానిలో ఎడమకు తిరుగుతుంది. రెండూ కలిసే నడుమ చోట బలమంతా గుమిగూడుతుంది. పక్కన పెట్టెలో కెపాసిటర్లు. వాటిని నింపి ఒక్క విదిలింపులో కాయిల్‌లోకి వదులుతారు. వేల ఆంపియర్లు, సెకనులో వెయ్యోవంతు కూడా పట్టదు. ఆ క్షణంలో పుట్టే అయస్కాంత బలం ఒకటిన్నర, రెండు టెస్లాలు, అంటే ఎంఆర్‌ఐ యంత్రంలో ఉండేంత. అది పుర్రె ఎముక దాటి, మెదడు పైపొరలో రెండు మూడు సెంటీమీటర్ల లోతు వరకు చిన్న కరెంటు పుట్టిస్తుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది. నా షాపులో ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ నుంచి సెకండరీకి కరెంటు దూకేదీ ఇలాగే. ఇక్కడ సెకండరీ చుట్ట బదులు మా ఆవిడ మెదడు ఉంది, అంతే తేడా. టక టకమనే చప్పుడూ నాకు కొత్త కాదు. కరెంటు జోరుగా పారేటప్పుడు తీగల మీద బలం పడి అవి అదురుతాయి. వార్నిష్ సరిగా ఎండని ట్రాన్స్‌ఫార్మర్ కూడా ఇలాగే గోల చేస్తుంది. చెవులు దెబ్బతినకుండా ప్లగ్గులు పెట్టారు.

తర్వాత బొటనవేలి పరీక్ష. తలకు ఎడమవైపు, చెవికి పైగా, చేతిని ఆడించే చోట కాయిల్ పెట్టి కొద్దికొద్దిగా బలం పెంచుతూ పోయారు. ఒక అంకె దగ్గర ఆవిడ కుడి బొటనవేలు తనంతట తానే చటుక్కున కదిలింది. "నేను కదపలేదండీ" అని నావైపు చూసింది, బడిలో దొరికిపోయిన పిల్లలా. ఎంత బలానికి వేలు కదిలిందో అదే ఆ మనిషి కొలత. ఆ కొలతకు నూటికి 120 వంతున మోతాదు పెట్టి, కాయిల్‌ను ఎడమవైపే ముందుకు, నుదుటికి కాస్త పైగా జరిపారు. సెకనుకు 10 చొప్పున 4 సెకన్లు, తర్వాత 26 సెకన్లు విరామం. 37 నిమిషాల 30 సెకన్లకు 3,000 తట్లు. ఇంటికి వచ్చి లెక్క కట్టుకున్నాను, సరిగ్గా సరిపోయింది. వారానికి ఐదు రోజులు, ఆరు వారాలు. సారికి 1,800 చొప్పున 30 సార్లకు 54,000 రూపాయలు. మొదటి వారం తలనొప్పి వచ్చింది, తర్వాత పోయింది.

నాలుగో వారంలో ఒక ఉదయం, కొసరు కరివేపాకు వేయలేదని మా ఆవిడ కూరగాయల బండివాడితో గొడవ పెట్టుకుంది. పటమటలో మా వీధి వీధంతా విన్నది. నేను గుమ్మంలో నిలబడి కళ్లు తుడుచుకున్నాను.

అప్పటినుంచి నాకు ఈ యంత్రం సంగతులు తెలుసుకోవాలనిపించింది. మా చిన్నబ్బాయి గుంటూరులో బీఫార్మసీ చదువుతున్నాడు. శనివారాలు ఇంటికి వచ్చినప్పుడు వాడు కంప్యూటర్‌లో చదివి చెబితే నేను నా పుస్తకంలో రాసుకునేవాడిని. నా పుస్తకం అంటే మోటార్ల పుస్తకం. కాలిన కాయిల్ కోసి తీసేముందు ఎన్ని చుట్లు, ఏ గేజు తీగ, ఏ గాడినుంచి ఏ గాడికి వెళ్లింది అని అందులో రాసుకుంటాము. రాయకుండా కోశామా, ఆ మోటారును మళ్లీ కట్టడం దేవుడి తరం కాదు. ఆ పుస్తకంలో 7.5 హెచ్‌పీ లెక్కల పక్కన ఇప్పుడు మెదడు లెక్కలు ఉన్నాయి.

మనిషి మెదడును ఇలా బయటినుంచి అయస్కాంతంతో తట్టి చేతిని కదిలించింది 1985లో, ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో, ఆంథొనీ బార్కర్ బృందం. ఎనిమిది అంకె కాయిల్ ఆలోచన 1988లో జపాన్‌కు చెందిన ఉయెనోది. అది వినగానే ఆయనకు మనసులో దండం పెట్టుకున్నాను. మందులు పట్టని డిప్రెషన్‌కు ఒక యంత్రాన్ని వాడవచ్చని అమెరికాలో మందుల్ని, వైద్య యంత్రాల్ని తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2008 అక్టోబరులో అనుమతి ఇచ్చింది. ఒక రకం తలనొప్పికి, అంటే కళ్లముందు మెరుపులు కనిపించి వచ్చే మైగ్రేన్‌కు, 2013లో వేరే యంత్రానికి ఇచ్చింది. ఓసీడీకి 2018లో, సిగరెట్ మానడానికి 2020లో వచ్చాయి. ఈ రెండూ మొదట దక్కింది మెదడులో ఇంకొంచెం లోతుకు వెళ్లేలా చుట్టిన మరో రకం కాయిల్‌కు. డిప్రెషన్‌కు కూడా చాలా కాలం పెద్దవాళ్లకే అనుమతి ఉండేది. 15 ఏళ్లు నిండిన పిల్లలకు, మందులతో పాటుగా వాడవచ్చని 2024లో ఒక కంపెనీ యంత్రానికి ఇచ్చారు.

ఇవన్నీ ఎందుకు రాస్తున్నానంటే, ప్రతి అనుమతి వెనకా ఒక కాయిల్ ఉంది, తల మీద ఒక చోటు ఉంది, తట్ల లెక్క ఉంది, ఒక జబ్బు ఉంది, ఒక వయసు ఉంది. నా దగ్గరికి వచ్చే రైతుకు 5 హెచ్‌పీ మోటారుకు కట్టిన లెక్కతో 10 హెచ్‌పీ మోటారు కట్టి ఇచ్చి, "తీగ ఒకటే కదండీ" అంటే ఊరుకుంటాడా?

ఇక మా మనవడి సంగతి.

మా అమ్మాయి కాపురం గుంటూరు బ్రాడీపేటలో. అల్లుడు మిర్చియార్డులో ఒక కమీషన్ కొట్టులో లెక్కలు రాస్తాడు. బాబుకు నాలుగున్నరేళ్లు. మూడో ఏట ఆటిజం అన్నారు. తిరిగే ఫ్యాను కింద పడుకుని గంటసేపు చూస్తాడు. "నీళ్లు", "ఆటో", "తాత" అంటాడు. మూడోది నన్ను చూసి కాక మా షాపులో తీగ చుట్టే మిషను చూసి అంటాడు, అయినా నాకు అభ్యంతరం లేదు. మిక్సీ వేస్తే చెవులు మూసుకుని మంచం కిందకు దూరతాడు, అందుకని మా అమ్మాయి పచ్చళ్లు రోట్లో నూరుతోంది. వారానికి మూడుసార్లు స్పీచ్ థెరపీ, సారికి 500.

ఆ ప్రకటన చూసి అల్లుడు ఫోను చేశాడు. "మామయ్యగారూ, అత్తయ్యగారికి తగ్గింది ఆ మిషనుతోనే కదా" అన్నాడు. నిజం చెప్పాలి. "అయితే చూపిద్దాం" అన్నది నేనే. కరివేపాకు గొడవ నా కళ్లముందు ఆడుతోంది. అయస్కాంతానికి మనిషెవరో జబ్బేమిటో తెలియదని, 31 ఏళ్లు కాయిల్స్ చుట్టిన నాకే ఆ క్షణాన తట్టలేదు.

ఇద్దరం బాబును తీసుకుని విజయవాడలోనే ఇంకో క్లినిక్‌కు వెళ్లాము. పేరు రాయను. కౌంటరులో ఉన్న అమ్మాయి ఫోనులో ఒక వీడియో చూపించింది. ఎవరో పిల్లవాడు, భాష హిందీ, "మమ్మీ" అంటున్నాడు. మా అల్లుడు అది రెండుసార్లు చూశాడు. 40 సార్లకు 90,000 ప్యాకేజీ, ఈ వారం చేరితే తగ్గింపు. బట్టల కొట్లో ఆషాఢం వినడమే కానీ మెదడుకు ఆషాఢం తగ్గింపు నేను అప్పుడే విన్నాను. 5,000 అడ్వాన్సు కట్టాము. సంతకానికి రెండు పేజీల కాగితం ఇచ్చారు, అంతా ఇంగ్లీషులో.

ఆ కాగితం చేతిలోకి తీసుకోగానే ఎక్కడో చూసినట్టు అనిపించింది. ఫోనులో మా ఆవిడ కాగితం ఫోటో ఉంటే తీసి పక్కన పెట్టాను. అక్షరం అక్షరం అదే. ఈ క్లినిక్ వేరే అయినా, అందరూ ఒకే చోటినుంచి దించుకున్నట్టున్నారు. డిప్రెషన్ అనే మాట కూడా అలాగే ఉంది. పెద్దవాళ్లకు వచ్చే తలనొప్పి, ఫిట్స్ ప్రమాదం గురించిన వాక్యాలూ అవే. పైన ఖాళీలో మాత్రం మా బాబు పేరు పెన్నుతో రాశారు. నాలుగున్నరేళ్ల పిల్లవాడి ఆటిజానికి, యాభై దాటిన ఆడమనిషి దిగులుకు ఒకే ఒప్పందం.

ఇంకో సంగతి. మా ఆవిడను మొదటి రోజు అరగంట ప్రశ్నలు అడిగారు. తలలో లోహపు క్లిప్పులు ఉన్నాయా, చెవిలో యంత్రం పెట్టారా, పేస్‌మేకర్ ఉందా, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా అని. ఇక్కడ బాబు బరువు, టిఫిను తిన్నాడా అని తప్ప ఎవరూ ఏమీ అడగలేదు. మా బాబుకు ఏడాదిన్నర వయసులో జ్వరంతో పాటు ఫిట్స్ వచ్చాయి. అర్ధరాత్రి బ్రాడీపేట నుంచి పెద్దాసుపత్రికి ఆటోలో వెళ్లిన రోజు మా అమ్మాయి ఇప్పటికీ తలచుకోదు. ఈ యంత్రంతో వచ్చే పెద్ద ప్రమాదం ఫిట్సే. మామూలు పెద్దవాళ్లలో అది వెయ్యికి ఒకరికంటే తక్కువ, సరే. కానీ ఆటిజం ఉన్న పిల్లల్లో మూర్ఛ మిగతా పిల్లలకంటే ఎక్కువగా వస్తుందని మా చిన్నబ్బాయి చదివి వినిపించాడు. ఏ ప్రశ్న ముందు అడగాలో ఆ ప్రశ్నే అడగలేదు. పైగా మిక్సీకే మంచం కింద దూరే పిల్లవాడి చెవి పక్కన వేల టకటకలు. ఎవరు కూర్చోబెడతారు, ఎలా కూర్చోబెడతారు?

డాక్టరుగారి గదిలోకి వెళ్లి నా పుస్తకం తెరిచాను. ఆయనకు ముప్పై ఐదు దాటి ఉండవు. "ఇంత చిన్న పిల్లవాడికి, ఈ జబ్బుకు, ఈ యంత్రం వాడవచ్చని ఎక్కడ అనుమతి ఉందండీ?" అని అడిగాను. ఆయన నన్ను, పుస్తకాన్ని, నా వేళ్లకున్న వార్నిష్ మరకల్ని చూశారు. కోప్పడలేదు. పెన్ను కింద పెట్టి, "ఆటిజానికి అలాంటి అనుమతి లేదండీ. దీన్ని ఆఫ్ లేబుల్ అంటారు. చిన్న చిన్న పరీక్షలు జరిగాయి. చేసిందే మళ్లీ చేసే అలవాటు, చిరాకు కొందరిలో తగ్గాయని రాశారు. ఇంత చిన్నవాళ్లలో గట్టి రుజువు లేదు. చేసి చూద్దాం అనుకున్నాము" అన్నారు.

"మరి ఆ మాట బయట బోర్డు మీద లేదే?"

"బోర్డు నా చేతిలో ఉండదు" అన్నారు.

ఆ డాక్టరుగారి మీద నాకు కోపం లేదు. అడిగితే నిజం చెప్పారు. అడగడానికి మోటార్ల పుస్తకం ఉండాల్సి వచ్చిందన్నదే బాధ.

ఆఫ్ లేబుల్ అనగానే మోసం అనుకునేవాడిని కాను. మందుకు ఏ జబ్బు పేరు మీద అనుమతి ఇచ్చారో, దానికి బయట వాడటమే ఆఫ్ లేబుల్. వైద్యంలో ఇది రోజూ జరుగుతుంది, తప్పూ కాదు. నాకు షుగరు. రాత్రిళ్లు అరికాళ్లు నిప్పుల మీద పెట్టినట్టు మండేవి. మా డాక్టరుగారు అమిట్రిప్టిలిన్ రాశారు. పెట్టెలోని కాగితంలో డిప్రెషన్ మందు అని ఉంటే మందుల షాపులోనే గొడవపడ్డాను, నాకేమైనా పిచ్చా అని. మర్నాడు ఆయన కూర్చోబెట్టి చెప్పారు: నరాల మంటకు ఇది అమెరికాలో కూడా అధికారికంగా రాసిన వాడకం కాదు, అయినా ఏళ్ల తరబడి పరీక్షలు చూసి ప్రపంచమంతా వాడుతున్నారు, మాత్ర ఖరీదు కొద్ది రూపాయలు, నోరు ఎండిపోతుంది, మత్తుగా ఉంటుంది, పట్టకపోతే మానేద్దాం. ఇప్పుడు కాళ్లు మండడం లేదు. ఆయన చెప్పి ఇచ్చారు, నేను తెలిసి మింగాను.

ఈ యంత్రాన్ని ఆఫ్ లేబుల్‌గా వాడే మిగతా జబ్బులూ ఒక్కలాంటివి కావు. ఎవరూ లేకుండా చెవిలో మాటలు వినిపించే జబ్బుకు, ఎడమ చెవికి పైగా సెకనుకు ఒక్కటి చొప్పున నెమ్మదిగా తట్టి చూడడం 2000 ప్రాంతం నుంచి జరుగుతోంది. కొన్ని పరీక్షల్లో తగ్గింది, కొన్నింటిలో తేడా కనబడలేదు. చెవిలో మోతకూ అంతే. మందులన్నీ అయిపోయిన మనిషి, అన్నీ తెలుసుకుని, "నాకు ఇది చేసి చూడండి" అంటే అడ్డుపడడానికి నేనెవరిని? బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ లాంటి చోట్ల వీటిమీద పరిశోధనలు చేస్తున్నారు. చేయాలి కూడా. సెల్‌ఫోన్ వ్యసనం, పరీక్షల భయం మాత్రం ఆ వరసలోకి ఎలా వచ్చి కూర్చున్నాయో ఆ ప్రకటన రాసినవారే చెప్పాలి.

పరిశోధనకు ఒక పద్ధతి ఉంది. రోగులకు అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ చూడాలి, ఇలాంటి పరీక్షల ప్రభుత్వ జాబితా అయిన సీటీఆర్‌ఐలో నమోదు చేయాలి, పరిశోధన ఖర్చు రోగిమీద వేయకూడదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల్లోనే ఉంది. "చేసి చూద్దాం" అనేది పరిశోధన అయితే 90,000 ఎందుకు? వైద్యం అయితే రుజువు ఏది?

ఉత్తుత్తి కాయిల్ సంగతి కూడా మీ పాఠకులకు తెలియాలి. పరీక్షల్లో కొందరికి నిజమైన కాయిల్, కొందరికి అచ్చం అలాగే ఉండి టకటకలాడే డమ్మీ కాయిల్ పెడతారు. ఎవరికి ఏది పెట్టారో రోగికి తెలియదు. అమెరికా మాజీ సైనికులు 164 మందితో, మందులు పట్టని డిప్రెషన్ మీద చేసిన పరీక్ష 2018లో ప్రచురించారు. నిజమైన కాయిల్‌తో నూటికి 41 మందికి జబ్బు నెమ్మదించింది. డమ్మీతో 37 మందికి నెమ్మదించింది. ఆ తేడా లెక్కలోకి రాదన్నారు. 2010లో 190 మందితో వచ్చిన ఇంకో పరీక్షలో నిజమైనదానితో నూటికి 14 మందికి, డమ్మీతో 5 మందికి తగ్గింది. అక్కడ నిజమైన కాయిలే గెలిచింది. ఇలాంటివి ఎన్నో కలిపి చూశాకే డిప్రెషన్‌కు ఇది పనిచేస్తుందన్నారు.

ఆ 37 అంకె దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మా ఆవిడకు తగ్గింది కాయిల్ వల్లనా? ఆరు వారాలు రోజూ తల దువ్వుకుని, చీర మార్చుకుని, నా బండి వెనక బందరు రోడ్డు మీదుగా వెళ్లి, నర్సమ్మతో కబుర్లు చెప్పి, తిరుగుదారిలో ఇడ్లీ తినడం వల్లనా? రెండూ కలిసి అయి ఉండవచ్చు. ఆవిడ విషయంలో నాకు ఆ లెక్క తేలనవసరం లేదు, మనిషి లేచింది చాలు. పిల్లవాడి విషయంలో తేలాలి. నాలుగున్నరేళ్ల పిల్లవాడు రెండు నెలల్లో ఎలాగూ నాలుగు మాటలు నేర్చుకోవచ్చు. ఆ మాటలు కాయిల్ ఖాతాలో పడతాయి, తర్వాత వీడియోలోకి ఎక్కుతాయి, ఇంకో అల్లుడు రెండుసార్లు చూస్తాడు. ఆ 90,000 తో స్పీచ్ థెరపీ 180 సార్లు వస్తుంది. వారానికి మూడు చొప్పున ఏడాదికి పైన.

చట్టాలు లేక కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మత్తు, కండరాలు సడలించే మందు లేకుండా షాక్ ట్రీట్‌మెంట్ చేయకూడదు. మైనర్లకైతే నిషేధమే, తప్పనిసరి అని డాక్టరు అనుకుంటే సంరక్షకుల అంగీకారంతో పాటు ఆ చట్టం కింద ఏర్పడిన మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు అనుమతి ముందే తీసుకోవాలి. ఆ చట్టంలో అయస్కాంతం మాట పేరెత్తి లేదు. దీనికి తండ్రి సంతకం ఒక్కటి చాలునన్నట్టు నడుస్తోంది. టీఎంఎస్ షాక్ అంత తీవ్రమైనది కాదని ఇందాక నేనే రాశాను. కానీ చిన్నపిల్లల మెదడు దగ్గర ఆ రెంటికీ మధ్య ఎక్కడో ఒక మెట్టు ఉండాలి కదా. రోగికి జబ్బు ఏమిటో, చికిత్స ఏమిటో, వేరే దారులు ఏమున్నాయో, ప్రమాదాలు ఏమిటో చెప్పి తీసుకున్నదే నిజమైన అంగీకారమని, ఒకదానికి ఇచ్చిన అంగీకారం ఇంకోదానికి చెల్లదని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో చెప్పింది. డిప్రెషన్ కాగితం మీద ఆటిజం సంతకం ఎలా చెల్లుతుందో నాకు తెలియదు.

ప్రకటనల సంగతీ అంతే. 1954 నుంచి ఒక చట్టం ఉంది, కొన్ని జబ్బులను నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వకూడదని. ఆ పట్టికలో మెదడు జబ్బులు, మూర్ఛ ఉన్నాయి. ఈ యంత్రం దాని కిందికి వస్తుందో రాదో లాయర్లు తేలుస్తారు. ఆటిజానికి మూలకణాల (స్టెమ్ సెల్) చికిత్స సిఫార్సు చేయదగినది కాదని, దాన్ని రాయడం, ప్రచారం చేయడం వృత్తి నియమాల ఉల్లంఘన అవుతుందని జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పింది. అంతకుముందే ఎన్ని ఇళ్లు ఖాళీ అయ్యాయో ఆటిజం పిల్లల తల్లిదండ్రులను అడిగితే చెబుతారు. ఈసారైనా ఇళ్లు ఖాళీ కాకముందే ఎవరైనా మాట్లాడాలి.

నేను యంత్రాన్ని మూయించమనడం లేదు. ఈ ఉత్తరం చదివి డిప్రెషన్ ఉన్నవాళ్లు ఎవరైనా భయపడి మానేస్తే ఆ పాపం నాకు చుట్టుకుంటుంది. వాళ్లు డాక్టరును అడగాలి. ఎవరిని అడగాలో తెలియకపోతే మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ ఫోను నంబరు 14416 ఉంది. నేను అడిగేది చిన్నది. ప్రకటనలోని ప్రతి జబ్బు పేరు పక్కన, ప్రతి అంగీకార పత్రం మొదటి పేజీలో, తెలుగులో ఒక్క వాక్యం: ఈ వాడకానికి అనుమతి ఉంది, లేదా లేదు, ఉంటే ఎవరు ఇచ్చారు, ఏ వయసువారికి. అనుమతి లేని వాడకానికి వేరే కాగితం. పిల్లలైతే ఫిట్స్ ప్రశ్న డబ్బు కట్టించుకునే ముందు. రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ తలచుకుంటే ఒక్క సర్క్యులరుతో అయిపోయే పని ఇది. వైద్యుల సంఘం తలచుకుంటే సర్క్యులరు కూడా అక్కర్లేదు.

మీకూ ఒక మనవి ఉంది. ఆ ప్రకటన వేసిన పేజీలోనే ఈ ఉత్తరం వేయమని అడగను, ఆ చోటు ఖరీదు నాకు తెలుసు. వచ్చేసారి అలాంటిది వచ్చినప్పుడు ఆ ఒక్క వాక్యం ఎక్కడ అని మీ ప్రకటనల విభాగం అడిగితే చాలు.

మా బాబుకు ఆ చికిత్స చేయించలేదు. అల్లుడు వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. అత్తయ్యకు దొరికింది తన కొడుకుకు దొరకకుండా చేశానని అతని బాధ. ఆ బాధ నాకు అర్థమవుతుంది, జవాబు మాత్రం నా దగ్గర లేదు. అడ్వాన్సు 5,000 తిరిగి ఇస్తామని మూడుసార్లు చెప్పారు, ఇంకా ఇవ్వలేదు. రసీదు జిరాక్సు, రెండు అంగీకార పత్రాల జిరాక్సులు ఈ ఉత్తరంతో జతచేశాను, పేర్లు కొట్టివేసి. నేను రాసిన లెక్కల్లో తప్పుంటే ఏ డాక్టరుగారైనా మీ పత్రికలోనే దిద్దవచ్చు. మాట్లాడాలనుకుంటే మీ కార్యాలయంలో నా చిరునామా ఉంది, రాత్రి ఎనిమిది వరకు షాపులోనే ఉంటాను. ఆదివారం సెలవు. ఆ రోజు బాబు వస్తాడు, తీగ చుట్టే మిషను పిడి వాడి చేతికి ఇస్తాను.

ఇట్లు,
ఒక మోటార్ వైండింగ్ పనివాడు,
ఆటోనగర్, విజయవాడ.
(పిల్లవాడి కోసం నా పేరు ప్రచురించవద్దని మనవి.)